ఆకాశంలో మీసాలు

విమానాలు నడిపేవాళ్ళకు ఆకాశంలో ఏదైనా వింత కనబడితే రాసిపెట్టే సర్కారు దస్త్రాలుంటాయి. వాటిలో ఒక వింతకు మీసాలున్నాయి. ఆ మీసాలు అతికించింది నేనే, కొబ్బరిపీచుతో. అక్కడితో ఊరుకుంటే అది చిన్న తప్పుగా పోయేది. ఆ తర్వాత నేను చూపించిన తెలివితేటలున్నాయే, అవి నా ఉద్యోగాన్ని తీసుకెళ్ళి గాల్లో వేలాడదీశాయి.

అప్పటికి నేను మా విమానాశ్రయంలో కొత్తగా చేరిన గుమాస్తాని. ఇంకా పర్మనెంటు కాలేదు. పైలట్లు చెప్పిన ఫిర్యాదులు రాసుకుని పైకి పంపడం నా పని. రన్‌వే పక్కన నక్క తిరుగుతోందనీ, ఎవరో పొలంలో గడ్డి తగలబెట్టారనీ, అన్నీ ఇలాంటివే. మా ఆఫీసరు రామ్మూర్తిగారు ఆ కాగితాల మీద సంతకం పెడుతూ కళ్ళజోడు పైనుంచి నన్నో చూపు చూసేవారు. ఆ చూపు పడ్డప్పుడల్లా నా పర్మనెంటు ఆర్డరు ఇంకాస్త వెనక్కి జరిగినట్టుండేది.

మా అక్క మొగుడు అప్పలనాయుడు బావ భోగాపురం దారిలో ప్లాట్లు వేశాడు. ఆ దారిలో ఇప్పుడు జీడిచెట్ల కంటే ప్లాట్ల బోర్డులే ఎక్కువ. పక్క వెంచరువాడు ఏనుగంత బెలూను ఎగరేశాడని మా బావ రెండేనుగులంత బెలూను తెప్పించి, దాని కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎలాగున్నాదిరా?" అన్నాడు.

"బాగానే ఉన్నాది బావా. కానీ దారినపోయే ప్రతివోడి కళ్ళూ దానిమీదే. దిష్టి తగిలిపోద్ది."

బావ ముఖం వాడిపోయింది. నిజమే మరి. కొత్తిల్లు లేపితే దిష్టిబొమ్మ కడతాం, వంగతోటకు కడతాం, ఆఖరికి కొత్త లారీకి కూడా ఏదో ఒకటి కడతాం. అంత బెలూనును ఉత్తినే వదిలేస్తామా?

"అయితే ఏటి సేద్దారి?" అన్నాడు.

"నాకొదిలెయ్ బావా."

నాకొదిలేశాడు. అదే ఆయన చేసిన పొరపాటు. అక్క పాత చేట ఒకటి తెచ్చి, నల్లరంగు పూసి, గుడ్లురిమే కళ్ళు వేసి, ఎర్రగుడ్డ నాలుకా, పీచు మీసాలూ పెట్టాను. చేటను బెలూను పొట్ట కింద వేలాడదీసి, తాడు కొసను నేలలో దిగ్గొట్టిన మేకుకు బిగించాను. ఆ ముడి కూడా నేనే వేశానని మీరు గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడు పొద్దున్న నేను ఆఫీసులో ఉండగా బావ ఫోను.

"ఒరే రవణా, బెలూను నేదురా!"

"నేదంటే?"

"కింద మేకున్నాది. పైన ఆకాశమున్నాది. మద్దిలో ఏటీ నేదు."

ఫోను జేబులో పెట్టుకునేలోపే, అప్పుడే విమానం దింపిన కెప్టెన్ మాధవిగారు నా బల్ల ముందుకొచ్చారు.

"దిగుతున్నప్పుడు ఒకటి కనబడిందండీ. రాసుకుంటారా?"

"పక్షాండీ?"

"పక్షికి మీసాలుంటాయా?"

నా పెన్ను ఆగిపోయింది.

"పైన ఏదో గుండ్రంగా మెరిసింది. ఎండ కళ్ళలో పడి సరిగా కనబడలేదు. కింద మాత్రం ముఖముంది. నాలుక బయటపెట్టి నన్నే చూసింది. ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను, ఆకాశంలో నన్నెవరూ అలా వెక్కిరించలేదు."

'బెలూను' అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. ఎవరిదో కనుక్కుని, నాలుగు చీవాట్లు పెట్టి, సాయంత్రానికి దస్త్రం మూసేసేవారు. కానీ బెలూనంటే బావ, బావంటే నేను. అందుకని 'గుర్తు తెలియని వస్తువు' అని రాశాను. తెలియనిదాన్ని ఎవరు మాత్రం ఏం చేస్తారు, ఊరుకుంటారనుకున్నాను. సర్కారువారి స్వభావం అప్పటికి నాకు తెలియదు. తెలిసినదాన్ని వాళ్ళు ఎన్నాళ్ళైనా పట్టించుకోరు. తెలియనిదంటే మాత్రం జీపులేసుకుని వచ్చేస్తారు.

అంతటితో ఆగానా? 'ముఖం' అని రాస్తే బొమ్మని పట్టేస్తారని భాష మార్చాను. కళ్ళను 'వలయాకార కాంతి కేంద్రాలు' చేశాను. నాలుక 'ముందుకు చొచ్చుకువచ్చిన ఎర్రని భాగం' అయింది. మీసాలకు ఏం రాయాలో తోచక కాసేపు పెన్ను కొరికి, 'ఇరువైపులా స్పర్శాంగాలు' అని రాశాను. కెప్టెన్‌గారు మళ్ళీ విమానం ఎక్కే తొందరలో చదవకుండానే సంతకం పెట్టేశారు.

రామ్మూర్తిగారు మాత్రం చదివారు.

"ఏటయ్యా ఇది? స్పర్శాంగాలేటి?"

"ఆవిడ చెప్పిందే రాశానండి."

"సూడు, పైవోళ్ళు అడిగితే నానేటి సెప్పాలి?"

"గుర్తు తెలియదని చెప్పండి సార్."

ఆయన నిట్టూర్చి సంతకం పెట్టారు. "ఇది తేలేదాకా నీ పర్మనెంటు కాగితం నా సొరుగులోనే ఉంటాది. తేలనీ, ఆ రోజే ఇచ్చేస్తాను," అన్నారు. చూశారా నా అదృష్టం! తేలకపోతే ఉద్యోగం రాదు. తేలితే ఉన్నది కూడా పోతుంది.

మధ్యాహ్నానికి హైదరాబాదు నుంచి ఫోను. "ఆ స్పర్శాంగాలు కదిలాయా?" అని. గాలికి కదిలి ఉంటాయండీ అనబోయి, "వాటంతటవే కదిలాయండీ," అన్నాను. ఎల్లుండి విచారణాధికారి వస్తున్నారన్నారు.

వెంటనే బావకు ఫోను చేశాను. "బావా, ఆ బెలూను సంగతి ఎవరితోనూ అనకు. ఇప్పుడది బెలూను కాదు."

"మరేటి?"

"తెలీదు. తెలీదనే రాశాను."

"ఓరి నీ తెలివి తగలెయ్య! దానిమీద బారెడు అక్షరాల్తో నా ఫోన్ నెంబరున్నాది కదరా! సాలూరు కాడ దిగినాదంట. అది దొరికిన లారీవోడు ఇప్పుడే ఫోన్ సేసి పలాటు ఎంతని అడిగినాడు."

విచారణాధికారి వచ్చి రామ్మూర్తిగారి గదిలో, ఆయన కుర్చీలోనే కూర్చున్నారు. మెత్తటి మనిషి, మా పత్రాన్ని పెళ్ళిశుభలేఖలా పట్టుకుని చదువుతున్నారు. కెప్టెన్‌గారిని కూడా పిలిపించారు. నేను మూల నిలబడ్డాను.

"మేడమ్, ఈ స్పర్శాంగాల గురించి వివరంగా చెప్పండి."

"స్పర్శాంగాలా? నేనలా ఎప్పుడన్నాను? మీసాలన్నాను."

"మీసాలా? ఎలాంటి మీసాలు?"

ఎలా చెప్పాలా అని ఆవిడ చేతులు గాల్లో తిప్పుతున్నారు. సరిగ్గా అప్పుడే రామ్మూర్తిగారు తలుపు తోసుకుని లోపలికొచ్చి, తన కుర్చీలో ఎవరో కూర్చున్నారని గుబురు మీసాలు అదిరేలా కళ్ళజోడు పైనుంచి గుడ్లురిమారు.

కెప్టెన్‌గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఇదే! సార్, ఇదే ముఖం!"

ఒట్టండీ, కావాలని చేయలేదు. దిష్టి పారిపోవాలంటే ఎలాంటి ముఖం వెయ్యాలా అని ఆలోచిస్తుంటే, ఈ భూమ్మీద నన్ను అన్నిటికంటే భయపెట్టిన ముఖం దానంతటదే చేతిలోకి వచ్చేసింది.

రామ్మూర్తిగారు బిత్తరపోయారు. "నాను ఆకాశంలో ఎందుకుంటానమ్మా? ఆ టయానికి నాను ఇంట్లో ఇడ్లీ తింటన్నాను!"

విచారణాధికారి ఆయన్ని తేరిపార చూసి, ఆనక నన్ను చూశారు. నా ముఖంలో ఏం కనబడిందో ఏమో, "నువ్వు చెప్పవయ్యా," అన్నారు.

"అది మా అక్క చేటండీ," అన్నాను. ఆ తర్వాత మొదటినుంచీ చివరిదాకా కక్కేశాను. కెప్టెన్‌గారు కొంగు లేదు గనక టోపీ అడ్డం పెట్టుకుని నవ్వారు. విచారణాధికారి కళ్ళు తుడుచుకున్నారు. రామ్మూర్తిగారు మాత్రం నవ్వలేదు.

అందరూ వెళ్ళాక తలుపు మూసి, నెమ్మదిగా అడిగారు.

"నిజం సెప్పు రవణా. నాను అంత భయంగా ఉంటానా?"

అప్పటికే చాలా అబద్ధాలాడేశాను. "ఉంటారండి," అన్నాను. ఆయన మీసాల మీద చెయ్యి వేసుకుని అలా కూర్చుండిపోతే, మొదటిసారి ఆయన మీద జాలేసింది, నా మీద సిగ్గేసింది. దస్త్రం చివర ఆయనే రాశారు: 'వస్తువు గుర్తించబడినది: చేట. బాధ్యుడు గుర్తించబడినాడు: గుమాస్తా.' నా పర్మనెంటు కాగితాన్ని సొరుగులోనే ఉంచి తాళం వేసేశారు.

మర్నాడు పొద్దున్న ఆయన దగ్గర్నుంచి ఫోను. గొంతులో కోపం లేదు, ఏడుపొక్కటే తక్కువ.

"రవణా, గేటు కాడికి ఒకసారి రా. మీసాలు తీయించేసినాను. సెక్యూరిటీవోడు నన్ను లోపలికి రానివ్వట్లేదు."

పరుగెత్తాను. 'ఈయన మా ఆఫీసరు రామ్మూర్తిగారే, నాకు బాగా తెలుసు' అని రాసి సంతకం పెట్టి విడిపించుకొచ్చాను. ఆ ఉద్యోగంలో నేను రాసిన మొదటి నిజమైన రిపోర్టు అదే. దాన్ని చూసే నన్ను పర్మనెంటు చేశారు.

ఇక మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. తెలిసినదాన్ని తెలియదని చచ్చినా రాయను. ఎవరైనా దిష్టిబొమ్మ వేయమని బతిమాలితే, అద్దం ముందు కూర్చుని నా ముఖమే వేస్తాను.