బుధవారం కుట్టు క్లాసు

మా కిషన్‌బాగ్ గల్లీలో ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో అందరికీ తెలుసు. ఎవరి పిల్లకు వచ్చిన సంబంధం వెనక్కి పోయిందో, ఏ అత్తాకోడళ్ళకు మాటల్లేవో, అడక్కపోయినా చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఎవరి బిడ్డ మనసు బాగాలేదో మాత్రం ఎవరికీ తెలియదు, తెలియనివ్వం. లోకంలోని లొల్లంతా గుమ్మంలో కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్ళం, ఈ ఒక్క దగ్గర నోటికి తాళం వేసుకుంటాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, గల్లీ మొదట్లో స్కూలు ఆటో హారన్ వినపడగానే సంచీతో సహా గుమ్మంలో కూలబడింది. ఊపిరి ఆడటం లేదంది. చేతులు చల్లబడ్డాయి, పెదవులు వణికాయి. ఉబ్బసమేమో అనుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి, రక్తం బాగుంది. మర్నాడు మళ్ళీ హారన్, మళ్ళీ అదే తంతు. ఆటో వెళ్ళిపోయిన కాసేపటికి పిల్ల మామూలుగా లేచి మంచినీళ్ళు తాగేది. బడిలో ఎవరన్నా ఏమన్నా అన్నారా, కొట్టారా అని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. ఎవరూ ఏమీ అనలేదనేది. భయమైతుందనేది. దేనికే అంటే దానికీ తెలియదు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి కొట్టులో పనిచేస్తారు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఆయన లెక్కలో ఇదంతా బడి ఎగ్గొట్టే నాటకం. మా అమ్మ వచ్చి ఎండుమిరపకాయలతో దిష్టి తీసి వెళ్ళింది. కింది పోర్షన్‌లో ఉండే మా ఇంటి ఓనరమ్మను నేను ఖాలా అంటాను, పిన్ని అన్నట్టు. ఆమె నన్ను బేటీ అంటుంది. ఆమె దర్గా నుంచి దువా చదివి ఊదిన నీళ్ళు సీసాలో తెచ్చిపెట్టింది. అవీ తాగించాను. ప్రేమతో తెచ్చినవి, కాదంటానా? కానీ పొద్దున్నే ఆ హారన్ మోగగానే మళ్ళీ అదే కథ.

మనసు డాక్టరుకు చూపించమని ఆసుపత్రిలో చెప్పారు. ఆ డాక్టరు కోసం ఊరు ఆ చివరికి పోయి, లైన్లో నిలబడి, రెండు నెలల తర్వాత రమ్మనిపించుకుని వచ్చాం. రెండు నెలలు! జ్వరమొస్తే ఎవరైనా రెండు నెలలు ఆగమంటారా? ఆ కోపంలో ఉండగానే తెలిసింది, మా బస్తీ కమ్యూనిటీ హాలుకు బుధవారం బుధవారం ఒక మేడమ్ వస్తోందని, పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడుతుందని, మందులిచ్చే డాక్టరు కాదు గానీ కౌన్సెలింగ్ చేస్తుందని.

పోయి చూస్తే హాలు ఖాళీ. మేడమ్ చిన్న వయసు మనిషి, కోస్తా వైపు నుంచి వచ్చింది. లోపలి గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, రంగు పెన్సిళ్ళు ముందర పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. గుమ్మం మీద ఇంత బ్యానరు, "పిల్లల మానసిక ఆరోగ్య కేంద్రం" అని. ఎదురుగా ఇరానీ హోటలు. ఆ బ్యానరు కింద నుంచి లోపలికి ఎవరు పోయినా, టీ చల్లారేలోగా గల్లీ మొత్తానికి కబురు అందుతుంది. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయింది అంటారు. ఇంకేముంది, ఎవరొస్తారు? నేనే అంతకు ముందు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, కూరగాయలకు పోతున్నట్టు ముందుకు నడిచాను.

ఉపాయం చెప్పింది ఖాలా. ఆమె కొడుకు దుబాయిలో ఉంటాడు. అతని కూతురు, ఆరేళ్ళది, తండ్రి వెళ్ళినప్పటి నుంచి తల గోడకు కొట్టుకుంటోంది. ఆ సంగతి అన్నాళ్ళూ నాకు కూడా తెలియదు. ఒకే మెట్లు ఎక్కి దిగే వాళ్ళం!

"గా బోర్డు తీసేయ్‌మను బేటీ," అంది ఖాలా. "మా మిషన్ ఇస్త, గుమ్మంల పెట్టుకోమను. కుట్టు క్లాస్ అని చెప్తం. ఎవ్వరికి ఫికర్ ఉండది."

మేడమ్ ఒప్పుకోలేదు. దాచిపెడితే ఎలాగండీ అంది. ఖాళీ కుర్చీలు చూపించి నేనే ఒప్పించాను. బ్యానరు దిగింది. ఖాలా పాత కుట్టు మిషను గుమ్మంలోకి చేరింది. మరుసటి బుధవారం నుంచి చూడాలి మా తిరునాళ్ళు! ఒకామె చీర ఫాల్ పట్టుకుని వచ్చింది. ఒకామె చార్మినార్ దగ్గర కొన్న లేసు తెచ్చింది. ఒక ముసలి తాత మనవణ్ణి తీసుకొస్తూ, ఎవరన్నా అడుగుతారేమోనని చంకలో జాకెట్టు ముక్క పెట్టుకొచ్చాడు. నవ్వలేక చచ్చాం. లోపలి గదిలో ఒక్కొక్క పిల్లతో మేడమ్ మాట్లాడుతుంటే, బయట చాప మీద మేం ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చునేవాళ్ళం. తల దించుకుని చేతిపని చేసుకుంటుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. పక్క తడిపే పిల్లల గురించి, పరీక్షంటే గోళ్ళు కొరుక్కునే వాళ్ళ గురించి, తాగొచ్చే తండ్రుల గురించి, ఎవరూ ఎవరినీ అడగకుండానే చెప్పుకున్నాం. అన్నేళ్ళుగా ఉంటున్న గల్లీలో నాకు తోడున్నారని అప్పుడే తెలిసింది.

మా పిల్ల మారింది. భయం వచ్చినప్పుడు ఊపిరి ఎలా వదలాలో మేడమ్ నేర్పింది. ముందు ఆటో దాకా నడిచింది, తర్వాత ఆటో ఎక్కింది, కొన్నాళ్ళకు మధ్యాహ్నం దాకా బడిలో ఉండగలిగింది. ఎప్పుడు బుధవారం వస్తుందా అని ఎదురుచూసేది.

ఇంత బాగా దాచిపెట్టిన దానికి ఫలితం కూడా అంత బాగానే వచ్చింది. కుట్టు క్లాసుకు ఆడవాళ్ళు విరగబడి వస్తున్నారని, పాపం అందరికీ కలిపి ఒకే పాత మిషనుందని మా బస్తీ లీడరు అన్న చెవిన పడింది. ఆయన ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవరినో అడిగి కొత్త మిషన్లు సంపాదించాడు. ఒక టైలరమ్మను కుదిర్చాడు. పూలదండలు, కొబ్బరికాయ, ఫోటోలు. రోజూ క్లాసు. మేడమ్‌కు శాలువా కప్పి, ఇన్నాళ్ళు మా ఆడబిడ్డలకు కుట్టు నేర్పినందుకు థ్యాంక్స్ చెప్పి, ఇక శ్రమ పడొద్దని సాగనంపాడు. మేడమ్ నా వైపు చూసింది. నేను ఖాలా వైపు చూశాను. ఖాలా బుర్ఖా అంచు సర్దుకుంది. అంతమంది ఆడవాళ్ళం చప్పట్లు కొట్టాం! తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

రెండు వారాలు తిరక్కుండా మా పిల్ల మళ్ళీ గుమ్మంలో కూలబడింది.

ఇల్లిల్లూ తిరిగాను. అందరం కలిసి పోయి లీడరు అన్నకు అసలు సంగతి చెబుదాం, ఆ ఒక్క గది ఒక్క రోజు అడుగుదాం అన్నాను. ఒకామెకు బిడ్డ పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఒకామెకు అత్త భయం. తాత వినపడనట్టు ఊరుకున్నాడు. చాప మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళే, గుమ్మంలో నిలబడి నన్ను ఎవరో అన్నట్టు చూశారు. ఖాలా అయితే ముఖం మీదే అనేసింది.

"నీ నోటెంబడి ఆ మాట వచ్చిందంటే మా అందరి ఇజ్జత్ పోతది. నా మనవరాలికి రేపు రిష్తా ఎట్లొస్తది?"

ఆరేళ్ళ పిల్లకు పెళ్ళి సంబంధం! ఎంత కోపమొచ్చిందంటే, ఇల్లు ఖాళీ చేసి పోదామనిపించింది. పైకొచ్చి గిన్నెలన్నీ ఎత్తి కుదేస్తూ తోముతుంటే మా పిల్ల వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, కాలు విరిగితే కూడ గిట్లనే దాస్తరా?"

నేను తోముతున్న గిన్నె కింద పెట్టాను.

"మరి నాకొచ్చింది గంత చెడ్డదా?"

బడి అంటే ఎందుకు భయమో మేం వెతుకుతున్నాం. ఈ సిగ్గు ఒకటి మేమే బుధవారం బుధవారం ఫాల్ ముక్కలో చుట్టి దాని చేతికి ఇచ్చామని నాకప్పుడు అర్థమైంది. చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని నేరుగా హాలుకు పోయాను. మిషన్లన్నీ గడగడలాడుతున్నాయి. లీడరు అన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఖాలాతో సహా అందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళెవరి ఊసూ ఎత్తలేదు. నా బిడ్డకు భయం జబ్బు ఉందని, దాని కోసమే నేనిక్కడికి వచ్చేదాన్నని, కుట్టు కోసం కాదని, ఆ మేడమ్ పోవడంతో పిల్ల మళ్ళీ బడి మానేసిందని చెప్పాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అవునన్నా అనలేదు. సూదుల వైపే చూస్తూ కూర్చున్నారు.

లీడరు అన్న బిత్తరపోయాడు. "ముందుగాల చెప్పొద్దా చెల్లె? బోర్డు తీసేస్తే అది బంద్ పెట్టి కుట్టు నేర్పుతుందనుకున్న. నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. ఆయన తప్పేం ఉంది? మేం చెప్పిందే నమ్మాడు మనిషి. లోపలి గదిలో వేయించిన షామియానా సామాన్లు తీయించి, ఆ గది బుధవారాలకు వదిలేశాడు.

మేడమ్ మళ్ళీ వచ్చింది. బ్యానరు మళ్ళీ కట్టాం, ఈసారి దించలేదు. బయట హాల్లో మిషన్లు నడుస్తుంటే, వాటి మధ్య నుంచి మేమిద్దరం లోపలికి పోవాలి. వెళ్తున్నంతసేపూ ఎవరూ తలెత్తరు. ఖాలా నాతో మాట్లాడటం మానేసింది. మెట్ల మీద ఎదురైతే పక్కకు తిరుగుతుంది. ఆమె మనవరాలు గోడకు తల కొట్టుకునే చప్పుడు మాత్రం, అదేమిటో తెలిసినప్పటి నుంచి, నాకు కింద నుంచి వినపడుతూనే ఉంటుంది. ఎవరి మీద అరవాలో తెలియక నా మీద నేనే విసుక్కుంటాను.

పోయిన బుధవారం మేడమ్ ఎప్పటిలాగే తలుపు వేయబోయింది. మా పిల్ల వద్దంది.

"తెరిచే ఉంచుండ్రి మేడమ్. వాళ్ళు కూడ ఇనని."

మేడమ్ నా వైపు చూసింది. నేను తలూపాను. పిల్ల కుర్చీలో సర్దుకుని కూర్చుని, హారన్ వినపడితే తనకు లోపల ఏమవుతుందో, అప్పుడు తనేం చేస్తుందో చెప్పడం మొదలుపెట్టింది. మిషన్ల మోతకు వినపడదేమోనని గొంతు పెంచింది. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. అంత గోలలో ఒక మిషను ఆగిపోయింది. ఖాలాది. వెనక్కి తిరగలేదు, గుడ్డ మీద చెయ్యి అలాగే ఉంది. పిల్ల మాటలు అయిపోయేదాకా ఆ మిషను మళ్ళీ నడవలేదు.