గుట్ట కింది పొలం

పినపాక దగ్గరి ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు అయిపోయాక మా ఆఫీసులో కొద్దిమందిమే మిగిలాం. తవ్విపోసిన మట్టి పెద్ద గుట్టయింది. దాన్ని చదును చేయించి చెట్లు పెంచడం నా ఉద్యోగం. నేలను బాగుచేస్తామన్న మాటకు హామీగా కంపెనీ ప్రభుత్వం దగ్గర డిపాజిట్ పెట్టింది. బాగుచేశామని తనిఖీ అధికారి ఒప్పుకుంటేనే అది విడతలుగా తిరిగి వస్తుంది.

వానలు వెనకబట్టాక అధికారి వచ్చారు. వేప, కానుగ మనిషెత్తు దాటి పచ్చగా ఉన్నాయి. మా మేనేజర్ హుషారుగా అన్నీ చూపించారు. అధికారి అంతా చూసి, గుట్ట కింది కోయగూడెం వాళ్లను పిలిపించారు.

"మీకేమన్నా ఇబ్బందుందా?"

అందరూ మా మేనేజర్ వైపు చూశారు. చాలామంది మా దగ్గర కూలికి వచ్చేవాళ్లే. అప్పుడు మొక్కలకు నీళ్లు పోసే ఒకామె లేచింది.

"చెట్లు మంచిగనే పెరిగినయ్ సారూ. గానీ వానొస్తే గుట్ట మన్నంతా కొట్టుకొచ్చి నా పొలంల పడుతుంది. పోయినేడు నాటు లేదు, ఈయేడు గూడ లేదు."

అధికారి ఆమె వెంట పొలానికి నడిచారు. గట్లు కూడా కనపడనంతగా బురద మేట వేసి ఉంది. "ఈసారికి డిపాజిట్ విడుదల కాదు" అని అక్కడే చెప్పేసి జీపెక్కారు.

ఆమె నా పక్కకు వచ్చి, "నా పని పోతదా మేడం?" అంది మెల్లగా. ఆ మాట మేనేజర్ చెవిన పడింది.

మేనేజర్ బూట్లు విప్పి, ప్యాంటు మడిచి పొలంలోకి దిగారు. నాలుగడుగులు వేశారో లేదో మోకాళ్ల దాకా కూరుకుపోయారు. మేమిద్దరం చెరో చెయ్యి పట్టి లాగాం. ఆమెకు నవ్వు ఆగలేదు. చివరికి ఆయనా నవ్వేశారు.

"మా నాయన గూడ వరే పండించేటోడు," అన్నారాయన. "ఇది చూస్తే ఏడ్చేటోడు. పని ఎందుకు పోతదమ్మా? రేపు రా, మన్ను ఆగేటట్టు గోడ ఏడ కట్టాల్నో చూద్దాం."

ఎండాకాలమంతా పని నడిచింది. గుట్ట చుట్టూ కందకం తవ్వి, అడుగున రాతిగోడ కట్టించాం. పొలంలో మేట తీయించాం. మొదటి పెద్దవానకు గొడుగేసుకుని పరుగున వెళ్లాను. ఆమె అప్పటికే గట్టు మీద తడుస్తూ నిలబడింది.

"ఏందమ్మా, ఎట్లుంది?"

"నీళ్లొచ్చినయ్ మేడం. మన్ను రాలే!"

మళ్లీ వచ్చినప్పుడు అధికారి గుట్ట కంటే ముందు పొలానికే వెళ్లారు. ఆమె, మరికొందరు నాటు వేస్తున్నారు. పిలిస్తే ఆమె నడుమెత్తకుండానే, "ఆడ్నుంచే చూడుండ్రి సారూ, ఇప్పుడు రాలేను" అంది. ఆయన నవ్వి, గట్టు మీదే నిలబడి చూశారు.

ఆ విడత డిపాజిట్ విడుదలైంది. మిగిలింది ఇంకా ప్రభుత్వం దగ్గరే ఉంది. అది ఉన్నన్నాళ్లూ వానలకు ముందు కందకం పూడిక తీయించడానికి ఎవరో ఒకరు ఇక్కడ ఉండాల్సిందే. కొత్త గనికి బదిలీ అవుతావా అని మేనేజర్ అడిగితే, ఆ పనికి నన్నే ఉంచమన్నాను.