వీలునామాలో బ్రదర్

ఆ రోజుల్లో నేను జీతం పుచ్చుకునేది పని చేసినందుకో, భయపడినందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సింగపూర్ వచ్చిన మొదటి ఏడు. ఎస్కలేటర్ మీద తప్పు పక్కన నిలబడ్డానేమోనని భయం. హాకర్ సెంటర్ తిండి కొట్ల మధ్య ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే ఆపి ఉంచుకున్న, బల్ల దగ్గర కూర్చున్నానేమోనని భయం. అన్నిటినీ మించిన భయం వర్క్ పాసు గురించి. ఉద్యోగం పోతే పాసు పోతుంది, పాసు పోతే నేను పోవాలి. పైగా ఇంటి దగ్గర పెళ్లి కుదిరి ఉంది. ఉద్యోగం ఊడగొట్టుకుని విమానం దిగిన పెళ్లికొడుకుని మా మామయ్య ఎలా చూస్తాడో తలుచుకుంటే తిన్నది అరిగేది కాదు.

ఇంతకీ నా ఉద్యోగం వంశవృక్షాలు కట్టడం. సెరంగూన్‌లో ఒక చిన్న ఆఫీసు. పాత కాగితాలు వెతికి, ఎవరి పూర్వీకులు ఎవరో చార్టు గీసి ఇచ్చేవాళ్లం. (మా సొంత పూర్వీకుల సంగతి అడక్కండి. తద్దినం నాడు పురోహితుడు మూడో తరం పేరు అడిగితే నేను మా నాన్న వైపు చూసేవాణ్ణి, ఆయన మా బాబాయి వైపు చూసేవాడు.) మా యజమానురాలిని ఆంటీ అనేవాణ్ణి. మలేషియాలో పుట్టిన తెలుగావిడ. ఆవిడ తెలుగులో అరవం, మలాయ్ సమపాళ్లలో కలిసి ఉండేవి. మనిషి వెన్న, గడువు దాటితే మాత్రం నిప్పు.

ఆ ఏడు మాకు వచ్చిన పెద్ద పని దొరగారిది. అమెరికాలో పుట్టి, ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి, పాసిర్ రిస్‌లో సముద్రం దగ్గర స్థిరపడిన ముసలాయన. ఆయన పూర్వీకులు ఇంగ్లండులో ఏదో పల్లెటూరి వాళ్లు, అమెరికా ఇంకా బ్రిటిషువాళ్ల వలసరాజ్యంగా ఉన్న కాలంలోనే ఓడెక్కి వెళ్లారు. ఆ ఆదివారం ఆయన ఎనభయ్యో పుట్టినరోజు. చుట్టాలంతా అమెరికా నుంచి వస్తున్నారు. వాళ్ల ముందు గోడకి చార్టు వేలాడదియ్యాలని ఆయన పట్టు. అంతకుముందు ఒక ముత్తవ్వ పేరులో ఒక్క అక్షరం పోయిందని ఆయన నన్ను గంటసేపు నిలబెట్టి చివాట్లు పెట్టాడు. అప్పటినుంచీ ఆయన ఫోను మోగితే నాకు చెమటలు పట్టేవి.

శుక్రవారం మధ్యాహ్నం చార్టు అచ్చయి వచ్చింది. ఆంటీ ఏమో మలేషియాలో, ఇపో ఊళ్లో, అక్క కొడుకు పెళ్లికి వెళ్లింది. ఆఖరిసారి సరిచూద్దామని కంప్యూటర్ తెరిస్తే, అంతకుముందు రోజు నేను ఎక్కించిన చోట ఎర్ర గుర్తు మెరుస్తోంది. దాన్ని పట్టించుకోకుండానే నేను చార్టు అచ్చుకి పంపేశాను. నొక్కి చూశాను. జాన్, మేరీ అనే భార్యాభర్తలకి తల్లిదండ్రులు ఒక్కరే అంటోంది.

కాగితాలన్నీ మళ్లీ తిరగేశాను. పిల్లల్లేని ఒక వితంతువు ఆ వలస కాలంలో రాయించిన వీలునామా ఉంది. "నా సిస్టర్ మేరీకి ఇత్తడి గిన్నె, నా బ్రదర్ జాన్‌కి ఎర్రావు" అని అందులో స్పష్టంగా ఉంది. చర్చి పుస్తకంలో ఆ జాన్‌కీ ఆ మేరీకీ పెళ్లయినట్టు అంతకంటే స్పష్టంగా ఉంది. దొరగారు సాక్షాత్తూ ఆ దంపతుల సంతతి. అంటే ఆయన వంశమంతా అన్నాచెల్లెళ్ల పెళ్లితో మొదలైంది! ఆ ముక్క చార్టు నడిమధ్యన, బంగారు రంగు అక్షరాల్లో, చుట్టాలందరూ చదువుకునేలా ఉంది.

వెంటనే ఆంటీకి ఫోన్ చేశాను. అవతల నాదస్వరం చెవులు పగలగొడుతోంది.

"ఆంటీ, ఇక్కడ అన్నాచెల్లెళ్లకి పెళ్లయిపోయిందండీ!"

"ఎవరికి తంబీ? పెళ్లా?"

"అన్నాచెల్లెళ్లకండీ!"

"అయ్యయ్యో, పెళ్లి పందిట్లో ఉన్నదానితో ఆ మాటలేంటి లా! చార్టు రేపు పట్టుకెళ్లి ఇచ్చెయ్. ముందు మకాన్ చెయ్, కాస్త తిను, ఆకలికి పిచ్చిగా ఉళరుతున్నావు" అని పెట్టేసింది.

కంప్యూటర్లో మేరీ తల్లిదండ్రుల్ని చెరిపేసి మళ్లీ అచ్చు వేయిద్దామనుకున్నాను. చెరిపాను కూడా. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. తీరా చూస్తే మేరీ అమ్మానాన్నా లేకుండా గాల్లో వేలాడుతోంది. మళ్లీ పెట్టాను. ఇలా చెరపడం, పెట్టడం ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

శనివారం చార్టు చుట్ట చంకన, వీలునామా నకలు జేబులో పెట్టుకుని రైలెక్కాను. స్టేషన్లన్నీ ఆ రోజు నన్ను చూసి తొందరపడ్డట్టు ఇట్టే అయిపోయాయి. దొరగారు తలుపు తీశారు. నేను కూర్చోకుండానే కళ్లు మూసుకుని మొత్తం ఏకరువు పెట్టేశాను. కళ్లు తెరిచేసరికి ఆయన వీలునామా నకలు పట్టుకుని ఉన్నారు. ముఖం ఎర్రబడింది, భుజాలు అదురుతున్నాయి. అయిపోయింది, నా పాసు, నా పెళ్లి, అన్నీ అయిపోయాయి అనుకున్నాను. మనిషి నవ్వుతున్నాడని తెలియడానికి కొంతసేపు పట్టింది.

"పిచ్చివాడా," అన్నారు కళ్లు తుడుచుకుని, "ఆ కాలంలో చెల్లెలి మొగుణ్ణి కూడా బ్రదర్ అనే రాసేవారు. మేరీ ఈవిడకి చెల్లెలు. జాన్ ఆ చెల్లెలి మొగుడు. అంతే. మీ భాషలో వేరే మాట ఉందా?"

ఉందండీ అన్నాను. ప్రాణం లేచొచ్చిన ఉత్సాహంలో ఆగితే బాగుండేది. మరిది అని, బావ అని, వరసలన్నీ వివరంగా చెప్పుకొచ్చాను. "మేమిలాంటి పొరపాటు చెయ్యమండీ. బాబాయి కూతురు చెల్లెలు, ఆ పిల్లని చేసుకోం. మేనమామ కూతురైతే మరదలు, నిక్షేపంగా చేసుకుంటాం. నాకూ అలాగే కుదిరింది" అన్నాను.

దొరగారి నవ్వు ఆగింది. వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. "మీ అమ్మ సొంత తమ్ముడి కూతురా?"

"అవునండి."

"ఆ సంగతి ఆ అమ్మాయికి తెలుసా?"

"చిన్నప్పటినుంచీ తెలుసండి."

ఆయన లేచి మంచినీళ్లు తాగారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "నేను ఎవరికీ చెప్పను" అన్నారు. (చివాట్లు కూడా అంత భయపెట్టలేదు.) జాన్ తల్లిదండ్రుల గడి మీద ఆయనే తెల్లకాగితం అంటించి "తెలియదు" అని రాశారు. ఆదివారం చార్టు గోడకెక్కింది, నా ఉద్యోగం నిలిచింది, పెళ్లి కూడా అయింది. దొరగారు పెళ్లికి బహుమతి పంపించారు, కార్డు మీద మాత్రం "ధైర్యంగా ఉండు" అని ఉంది.

ఇప్పుడాయన లేరు. మొన్న బెడోక్‌లో మా ఫ్లాట్లో మా పదేళ్ల అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి వంశవృక్షం వేస్తూ నా గదిలోకి వచ్చింది. ఒక చేతిలో రబ్బరు ఉంది, మొహం పాలిపోయి ఉంది.

"డాడీ, తాతమ్మలూ ముత్తాతలూ కలిపి అందరికీ ఎనిమిది మంది లా. నాకు సిక్సే వస్తున్నారు. అమ్మ సైడ్ తాతమ్మ, నీ సైడ్ తాతమ్మ సేమ్ పర్సన్! టీచర్‌కి ఏం చెప్పాలి?"

మరదలు, మేనరికం అని మొదలుపెట్టబోయి, ఆ రబ్బరు చూసి ఆగిపోయాను. ఆ భయం నాకు బాగా తెలిసిన భయం. దాన్ని దగ్గరకి తీసుకుని, గొంతు తగ్గించి, "నేను ఎవరికీ చెప్పను" అన్నాను. దాని ముఖం కాస్త తేటపడింది.

అంతలో వంటింట్లోంచి మా ఆవిడ, "బావా, అన్నం చల్లారిపోతోంది!" అని అరిచింది.

అమ్మాయి పరుగున వెళ్లి, పక్క ఫ్లాటు వాళ్లకి వినపడకుండా వీధి తలుపు మూసి వచ్చింది.