కేబుల్ నా చేతిలో ఉంది, తెరమీద యాభై కిలోలు

ఈ సంగతి ఇప్పటికి మూడు పత్రికలకు రాసి పంపాను. ఒక్కరూ వేయలేదు. వేయము అని ఒక కార్డుముక్క కూడా రాయలేదు. పోలీసు స్టేషన్లో నా అర్జీ తీసుకున్న రైటరు దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. నా కళ్లముందే. అది నేను మరిచిపోలేదు.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అంగడి నాది. ఏది చెడినా దానికొక కారణం ఉంటుందనీ, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందనీ నమ్మి బతికినవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లపాటు చాలా కంప్యూటర్లకు ఒకటే జబ్బు. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లు తల ఉబ్బి, గోధుమరంగు జిగురు కక్కేవి. కరెంటును నిలకడగా అందించడం వాటి పని. అవి చెడితే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది.

బెళుగుప్ప దారిలో ఒక వేరుశనగ మిల్లు ఉండేది. గేటు పక్కనే లారీలు తూచే వేబ్రిడ్జి, దాని ఎదురుగా చిన్న గది, గదిలో కంప్యూటర్. లారీ వేబ్రిడ్జి ఎక్కి నిలబడ్డాక కంప్యూటర్ ఆగిపోతోందని కబురు పంపితే వెళ్లాను. మేనేజరు నాకు కుర్చీ కూడా వేయలేదు. నేల మీద కూర్చుని బోర్డు విప్పాను.

ఏడు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. ఏడూ తీశాను. రంధ్రాల్లో మిగిలిన సీసాన్ని సూదితో శుభ్రం చేశాను. బెంగళూరు నుంచి తెప్పించుకున్న కొత్తవి వేశాను. పాతవి ఆరు వోల్టులవి, నేను వేసినవి పది వోల్టులవి, అంటే ఇంకా గట్టివి. గీత ఉన్న వైపు మైనస్. ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకుని అతికించాను. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

కంప్యూటర్ లేచింది. తేదీ, టైము సరిచేశాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది.

ఆ మిల్లులో హమాలీలకు ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం సద్దిమూట విప్పే ముందు ఒక్కొక్కరూ వేబ్రిడ్జి ఎక్కి తూగేవారు. అది లారీల కోసం పెట్టింది కాబట్టి నలభై, యాభై, అరవై అని పది పది కిలోల లెక్కనే చూపిస్తుంది. వన్నూరప్ప అనే హమాలీ ఏ రోజు ఎక్కినా యాభై. అంతకుముందు రిపేరుకు వచ్చినప్పుడు చాలాసార్లు చూశాను.

"వన్నూరప్పా, నువ్వు తిన్యా యాభయ్యే, తినకున్యా యాభయ్యే. నీకు కూడు దండగప్పా!" అని ముఠా పెద్ద సుంకన్న ఎగతాళి చేసేవాడు.

"అట్లయితే నాది గూడా నువ్వే తిను. లారీ అంత అయితావు" అని వన్నూరప్ప నవ్వేవాడు.

ఆ రోజు తెర మీద యాభై వచ్చింది. వన్నూరప్ప ఎక్కాడనుకుని కిటికీలోంచి చూశాను. బ్రిడ్జి ఖాళీ. హమాలీలు గోడ నీడన సద్ది తింటున్నారు.

"సుంకన్నా, వన్నూరప్ప యాడ? ఆయన తూకం వచ్చింది గానీ మనిషి కనపడడే!" అన్నాను నవ్వుతూ.

ముద్ద నోటి దగ్గర పెట్టుకున్నవాళ్లు అట్లే ఆగిపోయారు.

"ఏం మాట్లాడతాండావప్పా? వాడు సచ్చిపోయి నాలుగు దినాలాయ" అన్నాడు సుంకన్న.

నాకు తెలియదు. నిజంగా తెలియదు.

బ్రిడ్జి నుంచి వచ్చే తీగ ముందు ఎర్ర అంకెల పెట్టెకు వస్తుంది, పెట్టెలోంచి కంప్యూటర్‌కు పోతుంది. పెట్టెలో సున్నా ఉంది. కంప్యూటర్‌లో యాభై. కంప్యూటర్‌కు వచ్చే ఆ కేబుల్ పీకేశాను. పీకితే ఎప్పుడైనా సున్నా రావాలి. యాభై పోలేదు. కేబుల్ చేతిలో పట్టుకునే కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. యాభై.

సుంకన్న గది వాకిట్లోకి వచ్చి తెర చూశాడు. వెనక్కి పోయి బ్రిడ్జి అంచున నిలబడి, చంటిబిడ్డను బతిమాలినట్టు అన్నాడు:

"దిగు వన్నూరప్పా. ఆ పొద్దు గూడా సద్ది విప్పకుండానే ఈడనే పడిపోతివి. రా, తిందువు."

తెర మీద సున్నా వచ్చింది. కేబుల్ ఇంకా నా చేతిలోనే ఉంది.

సుంకన్న అన్న ఆ మాట మేనేజరూ విన్నాడు. "ఏం డూప్లికేటు సామాన్లు ఏసినావప్పా? మంచి కంప్యూటర్‌ను నాశనం చేసి పెడితివి. నడువు" అని నన్ను గేటు దాటించాడు.

తర్వాత వారంలో, ఈ సంగతి చెవిన పడి, వన్నూరప్ప భార్య లక్ష్మక్క నా అంగడికి వచ్చింది. ఆ రోజు వన్నూరప్ప పనికే రాలేదని, తాగి గేటు బయట రోడ్డు మీద పడి చచ్చాడని మిల్లువాళ్లు చెబుతున్నారట.

"ఆయప్ప సద్దిగిన్నె మిల్లులోనే ఉండాదన్నా. రోడ్డు మీద పడినోడి గిన్నె లోపలికి ఎట్ల పోతాది? నాకు వాళ్ల దుడ్లు వద్దు. తాగుబోతు కాదు, పనికి పొయ్యి పని తావునే పోయినాడని ఒక్క మాట చెప్పమను, చాలు. రేపు నా బిడ్డలు తలెత్తుకోవల్ల."

సుంకన్న దగ్గరికి పోయాను. "నేనేం అన్లేదన్నా. నాకూ పిల్లోల్లు ఉండారు" అన్నాడు. నా ముఖం వైపు చూడలేదు.

మిల్లు యజమాని దగ్గరికి పోయాను. అర్జీలు రాశాను. అన్నిచోట్లా ఒకటే జవాబు: నువ్వు వేసిన కెపాసిటర్లు మంచివి కావు, నీ కంప్యూటర్ చూపించిందీ నిజం కాదు, నువ్వు చెప్పేదీ నిజం కాదు. టీ హోటల్లో నన్ను 'యాభై కిలోలు' అని పిలిచినవాళ్లు ఎవరెవరో నాకు గుర్తుంది.

కెపాసిటర్ చెడితే కంప్యూటర్ ఆగిపోతుంది. మనిషి బరువు చూపించదు.

ఆ కంప్యూటర్‌ను మిల్లువాళ్లు పాతసామాన్లవాడికి వేస్తే నేను తెచ్చుకున్నాను. బోర్డు ఇప్పటికీ నా అంగడిలో నడుస్తోంది. ఏడు కెపాసిటర్లలో ఒక్కటీ ఉబ్బలేదు. యాభై మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అంకెలో నా పొరపాటు వెతికి వెతికి అలసిపోయాను. దొరకలేదు.

అనుమానం ఉన్నవాళ్లు రండి, బోర్డు విప్పి చూపిస్తాను. నన్ను నమ్మమని అడగడం లేదు. దయ్యం సంగతి వదిలేయండి. లక్ష్మక్క అడిగిన దానికి మిల్లు యజమాని గానీ, మేనేజరు గానీ, సుంకన్నా, నువ్వు గానీ, ఎవరో ఒకరు జవాబు చెప్పండి. ఆ పొద్దు వన్నూరప్ప పనికి వచ్చాడా, లేదా?