మా అత్త వెతికిన కరాటే క్లాసు

మా అత్త చంద్రభాగ, మరాఠీ మాట్లాడే మా ఊళ్లో, అశోక్ చౌక్ దగ్గరి ఒక టవల్ కార్ఖానాలో ఇరవై ఆరేళ్లుగా చెకింగ్ పని చేస్తోంది. మగ్గం మీద నుంచి దిగిన తువ్వాళ్లను ఒక్కొక్కటిగా బల్ల మీద పరిచి, పోగు తెగిందా, నూనె మరక పడిందా, అంచు వంకర పోయిందా అని చూసి, పనికిరానివి పక్కన పడేయాలి. ఆమె తువ్వాలును ముందువైపు చూడదు. చేతికి రాగానే తిప్పేసి వెనకవైపు చూస్తుంది. ఈ అలవాటును కార్ఖానా గేటు దగ్గర వదిలి రావడం కూడా ఆమెకు తెలియదు. నా పెళ్లిచూపుల్లో అందరూ నన్ను చూస్తూ కూర్చుంటే, ఆమె చేతులు కడుక్కుంటానని లేచి మా వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ పొయ్యి పక్కకు జరిపి దాని వెనక గోడ చూసిందట. గోడ శుభ్రంగా ఉంది కనుక నేను ఈ ఇంటి కోడలినయ్యాను. ఆ గోడను మా అమ్మ ఆ పొద్దున్నే తోమిందని నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

కిందటేడు మా అమ్మాయి హర్షదకు పదకొండేళ్లు నిండాయి. బడిలో ఎవరో వచ్చి కరాటే చేసి చూపించారట. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో తలుపులకు, దిండ్లకు, వాళ్ల తాత నరసయ్యకు కూడా తన్నులు మొదలయ్యాయి. "నన్ను క్లాసులో వెయ్యండి" అని ఒకటే గోల. మా ఆయన భరత్, చద్దర్ దుప్పట్లకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే మనిషి, ఏ సంగతినీ రెండు నిమిషాలకు మించి ఆలోచించడు.

"ఏది దగ్గరుంటే దాంట్ల ఎయ్యి, అయిపోతది" అన్నాడు.

"ఏం అయిపోతది?" అంది అత్త. "ఆడపిల్లను పరాయోళ్ల చేతుల పెడుతున్నం. పైగా తన్నేటోళ్ల చేతుల. నేను చూసి చెప్త."

"నీకు కరాటే ఏం తెలుసమ్మా?"

"తెల్వదు. మగ్గం నడుపుడు గూడ నాకు రాదు. ఖరాబు మాల్ మాత్రం నాకు దొరుకుతది."

అలా మేం ముగ్గురం, అత్త, నేను, హర్షద, కరాటే వెతకడానికి బయల్దేరాం.

మొదట హోట్గి రోడ్‌లో అద్దాల తలుపులున్న ఒక పెద్ద క్లాసుకు వెళ్లాం. బయట బోర్డు మీద 'ఆరు నెలల్లో బ్లాక్ బెల్ట్, పక్కా' అని రాసి ఉంది. లోపల శ్రేయస్ సర్ అనే ఆయన మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లు ఇప్పించాడు. తల్లిదండ్రులు క్లాసు చూడకూడదని, చూస్తే పిల్లల ఏకాగ్రత చెదురుతుందని చెప్పాడు. ఆయన వెనక గోడంతా కప్పులే. ఇత్తడివి, వెండిరంగువి, బంగారురంగువి.

"అబ్బా, ఎన్ని ఉన్నయ్ సారూ! పాపం, దుమ్ము పట్టినయ్" అంటూ అత్త లేచింది. ఆమె కొంగుతో కప్పులు తుడుస్తున్నట్టే తుడుస్తూ ఒక్కొక్కటి తిప్పసాగింది. సగం వాటి మీద పేర్లే లేవు. పై వరసలో గోడవైపు తిప్పిపెట్టిన ఒకదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆరతీ, దీని మీద మరాఠీల ఏం రాసిండ్రో చదువు" అంది.

నేను చదివాను. అలా చదివి ఉండకూడదు. 'మహిళా మండలి రంగవల్లి పోటీ, ద్వితీయ బహుమతి.'

"ముగ్గులు గూడ మీరే ఏస్తరా సారూ?" అని అత్త ఎంతో ఆదరంగా అడిగింది.

"అది... దుకాణం వాడు పొరపాటున..."

"అయ్యో, ఫస్టు రాలేదా! పోనీ తీయండి, వచ్చే ఏడు చూద్దురు."

మెట్లు దిగేటప్పుడు హర్షద నవ్వాపుకోలేక నా చెయ్యి కొరికింది.

రెండో క్లాసు కొంతం చౌక్ అవతల, ఒక మేడ మీది హాల్లో. అక్కడ విఠల్ గురూజీ అని, నడుము దాకా గడ్డం ఉన్న పెద్దమనిషి. ఆయన ఎవరినీ ముట్టుకోడు. దూరం నుంచి చెయ్యి తోస్తే చాలు, ఎదుటివాళ్లు పడిపోతారు. మా కళ్ల ముందే ఆరుగురు శిష్యులు వరసగా పడ్డారు. హర్షద నోరు తెరుచుకుని చూస్తోంది. నిజం చెప్పాలంటే నేనూ అంతే.

అత్త చెయ్యెత్తింది. "నన్ను పడేయండి గురూజీ."

ఆయన వద్దన్నాడు. వయసు అన్నాడు. ఆమె వినదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని హాలు మధ్యలో నిలబడి కళ్లు మూసుకుంది. గురూజీ గట్టిగా ఊపిరి తీసి రెండు చేతులూ తోశాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి తోశాడు. మూడోసారి ఆయన గడ్డం కూడా ఊగింది.

అత్త ఒక కన్ను తెరిచింది. "ఎప్పుడు పడాలె గురూజీ? ముందే చెప్పుండ్రి, నాకు మోకాళ్ల నొప్పులు, మెల్లగ కూసుంట."

శిష్యుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు.

"ఈమె మనసులో శ్రద్ధ లేదు" అని గురూజీ గంభీరంగా ప్రకటించాడు. "శ్రద్ధ లేనివాళ్ల మీద ఈ శక్తి పని చేయదు."

"అట్లనా! మరి దొంగ వచ్చిననాడు, వానికి శ్రద్ధ ఉన్నదా లేదా అని అడిగి తొయ్యాల్నా?"

అక్కడి నుంచి మమ్మల్ని ఎవరూ సాగనంపలేదు. ఇంటికి వచ్చాక హర్షద ఏడుపు అందుకుంది. "అవ్వ ఉన్నన్ని రోజులు నాకు కరాటే రాదు. అందర్నీ నవ్వులపాలు చేస్తది" అని. అత్త మాత్రం పల్లీల శేంగా చట్నీతో రెండు రొట్టెలు హాయిగా తిని, "ఇంకోటి చూద్దాం పా" అంది.

మూడోది ఒక పాత పెళ్లిమండపం వెనక రేకుల షెడ్డులో ఉంది. బోర్డు లేదు. గెలిచిన కప్పు ఒక్కటీ లేదు. పదకొండు మంది పిల్లలు పాత పరుపుల మీద దొర్లుతున్నారు. నేర్పే అమ్మాయి పేరు శీతల్. ముప్పై ఉంటాయి. పగలు మందుల దుకాణంలో పని, సాయంత్రం ఇది.

"మొదటి రెండు నెలలు పడుడే నేర్పుత" అంది శీతల్. "దెబ్బ తగలకుండ పడొస్తే, నిలబడుడు తర్వాత చూడొచ్చు."

"బ్లాక్ బెల్ట్ ఎప్పుడిస్తవ్?"

"నాకు తెల్వదమ్మా. ఐదేండ్లు పట్టొచ్చు. రాకపోవచ్చు గూడ."

అత్త ముఖం ముడుచుకుంది. కొత్త ఎత్తు వేసింది. "మా పిల్ల ఉత్త మొండిది. మాట వినకుంటే నాలుగు వాయించు. మేం ఏమనం."

హర్షద నోరెళ్లబెట్టింది. శీతల్ మాత్రం చేతులు తుడుచుకుని నెమ్మదిగా అంది, "నేను పిల్లల్ని కొట్టనమ్మా. కొట్టేటోళ్లు కావాలంటే వేరే దగ్గర చూసుకోండి. క్లాసు చూడాలంటే మాత్రం ఎప్పుడైన రండి, చెప్పకుండనే రండి."

అత్త చెప్పకుండా నాలుగుసార్లు వెళ్లింది. మందుల పెట్టె తెరిచి సీసాల మీద తేదీలు చూసింది. ఏడుస్తున్న ఒక చిన్నపిల్ల పక్కన శీతల్ పది నిమిషాలు ఊరికే కూర్చోవడం చూసింది. ఏ తప్పూ దొరకలేదు. దొరకకపోయే సరికి ఆమెకు నిద్ర పట్టలేదు.

"ఏదో ఉన్నది. ఇంత మంచిగ ఉంటదా ఎక్కడన్న?"

చివరికి నీకెవరు నేర్పారని అడిగితే, శీతల్ తన గురువు రాజారాం గారి నంబరు రాసిచ్చింది. ఆయన పుణెలో ఉంటాడు. "ఏది కావాలంటే అది అడుగుండ్రి" అని కూడా అంది. అత్త ఆ మాటను కొంచెం ఎక్కువగా పట్టుకుంది.

"క్లాసు మంచిదా అని అడిగితే ఏ గురువైన మంచిదే అంటడు. పెండ్లి సంబంధం అని అడిగితే లోపలిది బయటికి వస్తది" అంటూ, నేను వారించేలోపే ఫోన్ కలిపింది. తనకు వచ్చిన హిందీలో, శీతల్‌ను మా ఇంటి కోడలిగా చేసుకుందామనుకుంటున్నామని, పిల్ల గుణం ఎలాంటిదని అడిగింది. ఆ పెద్దాయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పద్నాలుగేళ్లుగా తెలుసన్నాడు. ఒకసారి పోటీలో రిఫరీ పొరపాటున పాయింటు ఇస్తే, దెబ్బ తగల్లేదు, నాకొద్దు అని తనే చెప్పి ఓడిపోయిందన్నాడు. చిన్నవాళ్ల మీద చెయ్యెత్తిన ఒక సీనియర్‌ను చెవి పట్టుకుని బయటికి నడిపించిందన్నాడు. వంట మాత్రం రాదన్నాడు.

ఫోన్ పెట్టేసి అత్త వెలిగిపోతూ చెప్పింది, "పాస్. రేపే చేర్పియ్యి."

హర్షద చేరింది. కథ ఇక్కడితో అయిపోవాల్సింది.

తర్వాతి ఆదివారం పొద్దున ఒకామె మా తలుపు తట్టింది. పట్టుచీర, చేతిలో పండ్ల సంచి. పేరు వసంత అని, శీతల్ వాళ్ల అమ్మనని చెప్పింది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. ఆమె చాయ్ తాగకుండా ఇల్లంతా కళ్లతో కలియజూసి, సిగ్గుపడుతూ అడిగింది.

"అబ్బాయి ఇంట్ల ఉన్నడా?"

"ఏ అబ్బాయి?"

"అదే, మా శీతల్‌ను అడిగిండ్రు గదా. రాజారాం సర్ ఫోన్ చేసి ముబారక్ చెప్పిండు."

సరిగ్గా అప్పుడే మా ఆయన బనీను మీద, చేతిలో రొట్టెతో లోపలి నుంచి వచ్చాడు. వసంతమ్మ ఆయన్ను పై నుంచి కింది దాకా చూసింది. పొట్ట దగ్గర కాసేపు ఆగింది.

"కొంచెం వయసున్నట్టు కనపడ్తడు" అంది జంకుతూ.

"ఈయన నా భర్త" అన్నాను.

"మరి తమ్ముడా?"

"ఒక్కడే కొడుకు."

మూలన కూర్చున్న మామ నరసయ్య రెండు చేతులూ ఎత్తి, "నాకు లగ్గం అయింది" అన్నాడు. వంటింటి వెనక తలుపు గడియ చప్పుడైంది. "అవ్వా, చెప్పుల్లేకుండ ఎటు పోతున్నవ్?" అన్న హర్షద గొంతు కూడా వినిపించింది.

అత్త వెనక్కి వచ్చి నిలబడి జరిగింది చెప్పింది. వసంతమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆరేండ్ల నుంచి సంబంధాలు చూస్తున్న. కరాటే పిల్ల అని ఒక్కడు ముందుకు రాడు. ఇయ్యాల పొద్దున దేవుని దగ్గర టెంకాయ గూడ కొట్టిన" అంది. మా అత్త తల దించుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. పండ్ల సంచి తిరిగి ఇవ్వబోతే వసంతమ్మ తీసుకోలేదు.

ఆ సాయంత్రం అత్త షెడ్డుకు వెళ్లి పిల్లలందరి ముందు శీతల్‌కు క్షమాపణ చెప్పింది. "అబద్ధం ఆడిన బిడ్డా. మీ అమ్మ మనసు ఖరాబు చేసిన. తప్పు నాది."

శీతల్ చేతిలోని పరుపు కింద పెట్టింది. "మా అమ్మ రెండు రోజుల నుంచి మాట్లాడుడు ఆపుతలేదు. ఆ పిల్లగాడు ఎట్ల ఉంటడో నేను గూడ ఒకసారి అనుకున్న" అని, తనే నవ్వేసింది. "సరే. ఒక షరతు. రేపటి నుంచి మీరు గూడ రావాలె. ఈ వయసుల పడుడు నేర్చుకోకపోతే బొక్కలు ఇరుగుతయ్. ముందు డాక్టర్ దగ్గర చీటీ రాయించుకొని రండి. చీటీ లేకుంటే లోపలికి రానియ్య."

చీటీ తెచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మా అత్త, పంజాబీ డ్రెస్సు తొడుక్కుని, పిల్లల వరసలో పదమూడోదిగా నిలబడింది. మొదటి వారమంతా పడటానికే భయపడింది. కూర్చుని పక్కకు ఒరగడం, తర్వాత గుంజీలో నుంచి ఒరగడం, చేత్తో పరుపును చరచడం నేర్పించారు. ఒకరోజు ఇంటికి వచ్చి, "ఆరతీ, పడ్డనే! బరాబర్ పడ్డ!" అని కేక పెడితే, పక్కింటి వాళ్లు పసుపు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వసంతమ్మ కూడా ఒక నాలుగు వారాలు పోయాక షెడ్డుకు వచ్చి చూడసాగింది. ఇద్దరూ ఇప్పుడు కలిసి బజారుకు వెళ్తారు. శీతల్‌కు సంబంధాలు వెతుకుతున్నారు. శీతల్ వద్దంటున్నా వినరు.

మొన్న పసుపు బెల్టు పరీక్ష జరిగింది. పరీక్ష పెట్టడానికి రాజారాం గారు పుణె నుంచి వచ్చారు. హర్షద పాసైంది. అత్త మూడో కదలిక దగ్గర ఆగిపోయింది. ఎడమా కుడా అని హర్షద వైపు చూసింది, నవ్వొచ్చింది, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగింది. రాజారాం గారు కాగితం మీద అడ్డంగా గీత గీశారు. ఫెయిల్.

ఇంటికి తిరిగి వస్తున్నాం. నేను ఏం ఓదార్చాలా అని వెతుక్కుంటుంటే, ఆమె మిఠాయి దుకాణం దగ్గర రిక్షా ఆపించి పావుకిలో పేడాలు కొన్నది. ఇంటికి వెళ్లి మామ నోట్లో ఒకటి పెట్టింది.

"పాసైనవా?"

"ఫెయిల్."

"ఫెయిలైతే పేడాలా?"

"అరే, ఆ రాజారాం సర్‌కు నేనెవరో తెలుసు. ముసల్ది, పోనీ, ఒక పసుపు గుడ్డముక్క ఇస్తే ఏం పోతది అనుకోవచ్చు. అనుకోలే. శీతల్ పక్కనే ఉన్నది, ఆమె గూడ ఒక్క మాట అడ్డం రాలే. రాంది రాలేదన్నరు." అత్త ఇంకో పేడా హర్షద చేతిలో పెట్టింది. "ఇగ నా మనసు నిమ్మళమైంది. పిల్లకు వచ్చింది నిజంగ వచ్చినట్టే."

మళ్లీ పరీక్ష డిసెంబరులో ఉంది. ఇప్పుడు రోజూ పొద్దున కార్ఖానాకు వెళ్లే ముందు వాకిట్లో మామను ఎదురుగా నిలబెట్టుకుని ఆ మూడో కదలిక చేస్తోంది. అది ఎడమ చెయ్యో కుడి చెయ్యో ఆమెకు ఇంకా పక్కా కాలేదు. అందుకని మామ రెండడుగులు దూరంగానే నిలబడతాడు.