వంతెన కింద పచ్చ చుక్క

వీధిలో ఆమెను అందరూ కెమేరామ్మ అంటారు. ఆ పేరు పెట్టింది అన్నయ్యే. తల్లీతండ్రీ పోయాక ఆటో తోలి చెల్లెల్ని చదివించిన మనిషి. ఆమెకు నగరం కంట్రోల్ రూములో ఉద్యోగం వచ్చిన రోజున వీధంతా వినబడేలా చాటాడు. "ఇక జాగ్రత్త! ఎవడు ఎక్కడ చెత్త పారేసినా మా చెల్లికి తెలిసిపోద్ది!" అప్పట్నుంచీ వాన పడితే చాలు, దారి ఎలా ఉందో ఆమెనే అడిగేవాడు.

ఆమెకు తెలిసేది అంతంతమాత్రమే. ఆ గదిలో గోడ నిండా వీధి కెమేరాల తెరలు, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు. గుమ్మం మీద 'స్మార్ట్ సిటీ' అని పెద్ద బోర్డు. తీరా చూస్తే సగం తెరలు నల్లగా ఉండేవి. రోడ్లు తవ్వినవాళ్ళు తీగలు తెంపేసేవారు. అతికించాల్సింది మేం కాదంటే మేం కాదని రెండు శాఖలు కీచులాడుకునేవి. ఇంత సొమ్ము తగలేసి ఊరికి కళ్ళు పెట్టించారు గానీ, ఆ కళ్ళకు కనబడినచోటికి కదిలివెళ్ళే మనిషిని పెట్టడం మరిచారు మహానుభావులు.

వంతెన కింద రోడ్డు పక్కనున్న మురుగుకాలువలో నీటిమట్టం చూసే యంత్రం ఒకటుండేది. నీళ్ళు పెరిగితే గోడ మీది పటంలో పచ్చ చుక్క ఎర్రబడి గంట మోగుతుంది. ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని అది ఎండాకాలంలోనూ మోగేది. ఆమె ఫోన్ చేస్తే కాలువ వాళ్ళు వంతెన వాళ్ళకు చెప్పమనేవారు, వంతెన వాళ్ళు యంత్రం పెట్టిన కంపెనీకి చెప్పమనేవారు. గంట ఆగకపోతే కంపెనీకి జరిమానా. అందుకని కంపెనీ తరఫు సూపర్‌వైజరు ఒక కిటుకు నేర్పాడు.

"'మరమ్మతులో ఉంది' అని నొక్కెయ్యమ్మా. గంట ఆగుద్ది, చుక్క పచ్చబడుద్ది. పెద్దవాళ్ళు చూడ్డానికొస్తే గోడ కళకళలాడాలి కదా!"

గదిలో అందరూ అదే చేసేవారు. ఆమె కూడా నొక్కింది. మొదటిసారి తెర మీది మాటలు రెండుసార్లు చదువుకుని నొక్కింది. తర్వాత్తర్వాత టీ తాగుతూ నొక్కేది. ఏది నిజంగా పచ్చో, ఏది తాము చేసిన పచ్చో కొన్నాళ్ళకు ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం కుండపోత. అన్నయ్య ఫోన్ చేశాడు.

"కెమేరామ్మా, బడి పిల్లల్ని దించేసి ఇంటికి బయల్దేరా. వంతెన కిందనుంచి రావచ్చా, చుట్టూ తిరిగి రమ్మంటావా?"

ఊరంతా గంటలు మోగుతున్నాయి, బల్ల మీద ఫోన్లు మోగుతున్నాయి. ఆమె తలెత్తి చూసింది. వంతెన దగ్గర చుక్క పచ్చగా ఉంది.

"బాగానే ఉందన్నయ్యా, వచ్చెయ్."

"నువ్వు చెప్పాక ఇంకేం!" నవ్వి పెట్టేశాడు.

ఇంకో చుక్క మీద 'మరమ్మతులో ఉంది' అని నొక్కబోతుంటే గాని, వంతెన దగ్గరి పచ్చ కూడా తాము నొక్కి చేసిందేనని ఆమెకు గుర్తురాలేదు. అన్నయ్యకు ఫోన్ చేసింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఈసారి మోగలేదు.

నీళ్ళు తీశాక ఆటోను తాళ్ళేసి లాగారు. అన్నయ్య అందులోనే ఉన్నాడు. పెద్దవాళ్ళు వచ్చి గోడ చూసుకుని, ప్రమాద సూచన ఏదీ లేదు కాబట్టి ఆటో తోలినతనే తొందరపడి ఉంటాడని తేల్చేశారు. ఆమె మీద మాట పడలేదు. ఒక్కరైనా నాలుగు చీవాట్లు పెడితే బాగుండుననిపించింది.

ఇంటినిండా జనం ఉండగా వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ అన్నయ్యదే తప్పంటున్నారమ్మా. నేను నమ్మను. నిన్నడగందే ఆయన వానలో బండి తిప్పరు. నువ్వు చూసే చెప్పావు కదూ?"

ఆమె వదిన చేతి మీద తన రెండో చెయ్యి వేసింది.

"చూసే చెప్పాను వదినా."