అక్క ఒళ్ళో చేట

నీటి రంగుల బొమ్మను తీసుకెళ్ళి నిప్పులాంటి మా బావగారి చేతిలో పెట్టడం నా తెలివితక్కువ. తెలివి తక్కువైన చోట పసుపు రంగు ఎక్కువ పూయడం ఇంకో పొరపాటు.

బొమ్మ మా అక్కది. విజయవాడలో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళిన ఒక ఆదివారం, అందరి కంచాలూ తీసి, వంటిల్లు కడిగి, అక్క పెరటి మెట్ల మీద కూలబడింది. స్తంభానికి తల ఆనించి, కాళ్ళు చాపి, చేతులు ఒళ్ళో వదిలేసి కళ్ళు మూసుకుంది. నాకు ఊహ తెలిశాక అక్క చేతులు ఖాళీగా చూడటం అదే మొదలు. చప్పుడు చెయ్యకుండా కూర్చుని వేసేశాను. నేను వేసినవాటిలో ఎవరైనా గుర్తుపట్టగలిగింది అదొక్కటే. నా బొమ్మ నేనే వేసుకుంటే "ఎవరండీ ఈయన?" అని నన్నే అడిగారు.

అక్క దాన్ని చాలాసేపు చూసింది. తను ఇలా కూడా ఉంటుందా అని అడిగి, హాల్లో పెట్టుకుంటానంది. ఆ ఇంటి గోడ మీద తనకంటూ ఏదైనా కోరడం నేనెప్పుడూ వినలేదు. ఫ్రేము కట్టించమని బావగారికిచ్చాను.

బావగారికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. అరిగిన పార్టు మార్చడం తెలుసు గానీ, బండిని కాసేపు ఆపి చల్లబరచడం ఆయనకు తెలియదు.

మళ్ళీ వెళ్ళేసరికి బొమ్మ హాల్లో ఉంది. అక్క కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒళ్ళో చేట, చేటలో బియ్యం. షాపు పక్కన లారీలకు చిలకలూ తామరపూలూ వేసే పెయింటరు చేత బావగారే పైన ఎనామిల్ పెయింటు పూయించారట. నా పల్చటి రంగుల మధ్య ఆ చేట లారీ వెనక తలుపులా మెరిసిపోతోంది. ఆ ఇంట్లోకి బియ్యం శుభ్రం చేసినవే సంచుల్లో వస్తాయి. చేట ఉన్నట్టు కూడా నాకు గుర్తు లేదు. పెయింటరును ఏమీ అనను. చెప్పింది వేశాడు.

బావగారు నాకేదో మేలు చేసినట్టు చెప్పారు. "దీపాలు పెట్టే వేళ ఇల్లాలు కునుకు తీస్తే లక్ష్మి నిలుస్తుందటయ్యా? వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆ పసుపు సాయంత్రపు వెలుగు కాదు, మధ్యాహ్నం ఎండ అన్నాను. ఎండైతే మరీ తప్పన్నారు, ఆ వేళకి అప్పడాలన్నా ఎండబెట్టుకోవచ్చు కదా అని.

ఒళ్ళు మండిపోయింది. నా బొమ్మ పాడుచేసినందుకే అనుకున్నాను మొదట. కాదు. ఇంట్లో ఆవిడ కూర్చుంటే ఓర్వలేని మనిషి, చివరికి కాగితం మీద కూర్చున్నా ఓర్వలేకపోయాడు. భోజనమయ్యాక ఆయన సోఫాలో గురకపెడితే మాత్రం లక్ష్మి ఎక్కడికీ పోదు. ఆ మోతకు భయపడి కదల్లేదేమో. నాలుగు మాటలూ అడిగేద్దామని నోరు తెరిచాను. ఇంతలో అక్క కాఫీ తెచ్చి, నా పక్కన నిలబడి బొమ్మ వంక చూసింది.

"పోనీలేరా, కూర్చునే ఉన్నాగా," అంది.

కాఫీ అందుకున్నాను, కోపం మాత్రం తగ్గలేదు. నేను అరిచి వెళ్ళిపోతే, ఆ తర్వాత ఇంట్లో మిగిలేదంతా అక్కే ఊడ్చుకోవాలి.

అందుకని నవ్వాను. ఇంత హాలుకు ఈ చిన్న బొమ్మ ఆనదు బావగారూ, గోడంతది వేస్తాను, మధ్యలో మీరు, పక్కన అక్క అన్నాను. ఆయన అప్పటికప్పుడే పట్టు చొక్కా ఇస్త్రీకి పంపించారు. అయితే ముందు అక్కను వెయ్యాలన్నాను. కూర్చోబెట్టి వేస్తే మెడ కదిలి ముఖం చెడుతుంది, పడుకోబెట్టి వెయ్యడమే పద్ధతి, కళ్ళు ఆఖర్న తెరిపిస్తాం అని కూడా చెప్పాను. బొమ్మల గురించి నాకంటే తక్కువ తెలిసినవాళ్ళు దొరకడం కష్టం. నాకు ఇంట్లోనే దొరికారు.

ఇప్పుడు ఆదివారం భోజనాలయ్యాక అక్క ఏసీ గదిలో మంచమెక్కుతుంది. నేను ఎదురుగా అట్ట పట్టుకుని కూర్చుంటాను. మొదట్లో వంటింట్లో చప్పుడైతే లేవబోయేది. కదిలితే మళ్ళీ మొదటికొస్తుందని గద్దించేవాణ్ణి. ఈమధ్య నిజంగానే నిద్రపోతోంది. ఎంతదాకా వచ్చిందని బావగారు తలుపు దగ్గర నిలబడి గుసగుసగా అడుగుతారు. కృష్ణ ఒడ్డు కదండీ, గాలిలో తేమకి రంగు ఆరడం లేదంటాను. బొమ్మ వేసేవాడికి టీ కావాలంటాను. ఆయనే వెళ్ళి పెట్టుకొస్తారు. మొన్న పంచదార మరిచిపోతే తిప్పి పంపాను.